బెండకాయకు ప్లాస్టిక్ చొక్కా

సూపర్ మార్కెట్లలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "అంకుల్, మీ సర్వీసులో మిమ్మల్ని బాగా ఏడిపించింది ఏది?" అని అడుగుతుంటారు. ఏ తుపాను సంగతో, ఏ లాక్‌డౌన్ సంగతో చెబుతానని వాళ్ళ ఆశ. నేను బెండకాయ అంటాను. వాళ్ళు మర్యాదకి నవ్వి, కాఫీ తాగేసి, పని ఉందని లేస్తారు. అందుకే ఈసారి రాసి పెడుతున్నాను. మధ్యలో లేచి వెళ్ళిపోయినా నాకు కనబడదు కాబట్టి మనసుకి హాయిగా ఉంటుంది.

గోపాలపట్నంలో హైవే పక్కనున్న ఒక సూపర్ మార్కెట్లో కూరగాయల సెక్షన్ ఇన్‌ఛార్జిగా చేసి రిటైరైనవాణ్ణి నేను. పొద్దున్నే తగరపువలస నుంచి వ్యాన్ వచ్చేది. సరుకు దింపించుకోవడం, ఏరించడం, అరల్లో సర్దించడం, సాయంత్రానికి మిగిలినవాటి మొహం చూసి నిట్టూర్చడం నా పని. ఇందులో కష్టమేముందని మీరు అడగొచ్చు. కష్టమంతా కొనేవాళ్ళ వేళ్ళలో ఉంది.

మనవాళ్ళు బెండకాయ ఎలా కొంటారో మీకు నేను చెప్పక్కర్లేదు. కొస తుంచుతారు. టక్కున విరిగితే లేత, వంగితే ముదురు. ముదురుదాన్ని వదిలేశారంటే న్యాయమే. లేతదాన్నైనా సంచిలో వేసుకోవాలి కదా? వేసుకోరు. కొస విరిగిపోయింది కాబట్టి దాన్ని పక్కన పడేసి, విరగనిదాన్ని వేసుకుంటారు. పరీక్ష పాసైనవాడికే ఉద్యోగం లేదన్నమాట. మా ఆవిడకు ఈ మాట చెబితే, "మరి విరిగినదాన్ని ఎవరు కొంటారండీ?" అంది. ఇంట్లోనే ఇలా ఉంటే ఊరిని ఏమనగలం?

బెండకాయ ఒక్కటే అయితే సర్దుకునేవాణ్ణి. స్టీల్ ప్లాంటులో రిటైరైన ఒక పెద్దాయన ఆనపకాయను గోటితో గిచ్చి, తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవారు. ఆయనకి అది ఏం చెప్పేదో తెలియదు గానీ, ఆయన వెళ్ళాక ఆ ఆనపకాయల మీద గోటి గాట్లు చూసి ఇంకెవరూ వాటి జోలికి వచ్చేవారు కాదు. మామిడిపళ్ళ కాలంలో ఒక్కొక్క పండు ఎన్ని ముక్కుల్ని చూసేదో ఆ పండుకే తెలియాలి.

ఈ నష్టమంతా హెడ్డాఫీసులో ఒక ఆఫీసరు గారు కంప్యూటర్లో చూశారు. ఆయన చెడ్డ మనిషి కాదు. కూరగాయల్ని వండిన తరవాత మాత్రమే చూసిన మనిషి, అంతే. ఇకనుంచి ప్రతి కాయనీ తెల్ల థర్మాకోల్ ట్రేలో పెట్టి, పైన పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ బిగించి అమ్మాలని హుకుం జారీ చేశారు. "చెయ్యి తగలకపోతే తుంచడం ఎలా కుదురుతుంది?" అని ఫోన్లో నన్నే అడిగారు. విశాఖపట్నం వాళ్ళని తక్కువ అంచనా వేస్తున్నారని చెప్పాలనిపించింది గానీ, జీతం గుర్తొచ్చి ఊరుకున్నాను.

అలా మా గోడౌన్ పక్క గదిలో ప్యాకింగ్ సెక్షన్ వెలిసింది. ముగ్గురు ఆడవాళ్ళు చేరారు. ముగ్గురిలో పెద్దావిడని స్టోరంతా అప్ప అని, అంటే అక్క అని, పిలిచేది. సముద్రం ఒడ్డు పేట నుంచి వచ్చేది. భర్త పడవ మీద వేటకి వెళతాడు. అప్ప వయసులో ఉన్నన్నాళ్ళూ చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని వీధి వీధి తిరిగి అమ్మింది. మోకాళ్ళు మొరాయించాక ఒకచోట ఉండి చేసే పని కావాలని మా దగ్గర చేరింది. వేట సాగని రోజుల్లో ఆ ఇల్లు నడిచేది ఆమె జీతంతోనే.

చేతి వేగం చూడాలి ఆవిడది. ఫిల్మ్ లాగడం, తిప్పడం, తెంపడం కళ్ళకి ఆనేది కాదు. కానీ నోరు మాత్రం చేతికంటే జోరు. కొబ్బరికాయకి కూడా ఫిల్మ్ చుట్టమన్న రోజున కాయని నా ముందు పెట్టి నిలదీసింది.

"బాబూ, దీనికి పీసుంది. పీసు కింద సిప్ప ఉంది. సెట్టు మీంచి దబ్బున కింద పడ్డా దీనికేటీ కానేదు. ఇప్పుడు దీనికి సలేత్తందేటి?"

"హెడ్డాఫీసు వాళ్ళు చెప్పారప్పా."

"ఆలు సెప్తే గుమ్మడికాయకి కూడా సొక్కా తొడిగేత్తావేటి?"

మరుసటి వారం గుమ్మడికాయకి కూడా తొడిగాం. అన్ని ప్లాస్టిక్కులూ దండగని నేననను. పప్పులకి, పనస తొనలకి ఏదో ఒకటి కావాలి. కానీ రెండు నిమ్మకాయలకి ఒక ట్రే, గుప్పెడు కరివేపాకుకి ఒక ట్రే, తొక్క ఉన్న అరటిపండుకి మళ్ళీ ఒక తొక్క, ఇదంతా చూస్తుంటే నాకే సిగ్గేసేది.

పోనీ నష్టం ఆగిందా? మన ఉక్కపోతకి ఫిల్మ్ లోపల చెమట పట్టి బెండకాయలు బంక కట్టేవి. ఇక కొనేవాళ్ళ సంగతి. మొదటి రోజు ఫిల్మ్‌ని వింతగా చూశారు. రెండో రోజు వేలితో పొడిచారు. ఆ తరవాత చింపి, కొస తుంచి, చింపిన వైపు కిందకి పెట్టి, ఏమీ ఎరగనట్టు పక్క ట్రే తీసుకుని వెళ్ళిపోవడం నేర్చేసుకున్నారు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఇదివరకు బెండకాయలే పోయేవి, ఇప్పుడు ట్రే, ఫిల్మ్, అప్ప పడ్డ శ్రమ కూడా పోయేవి.

బిల్లింగ్ సెక్షన్ ఇన్‌ఛార్జి నాకు మంచి స్నేహితుడు. చుట్టరికం ఏమీ లేదు, అయినా ఒకరినొకరం బావా అని పిలుచుకునేవాళ్ళం. ఆయన బాధ వేరు. బిల్లు కట్టాక జనం అక్కడే ట్రేలు విప్పేసి, కాయలు గుడ్డ సంచిలో వేసుకుని, ప్లాస్టిక్ అంతా కౌంటర్ మీద వదిలేసి, "ఇది మీదే, మీరే ఉంచుకోండి" అని పోయేవారట.

"బావా, కౌంటర్ కింద కాళ్ళెట్టుకోడానికి సోటు నేదు. నాను పద్మాసనం ఏసుకుని బిల్లులు కొడతన్నాను," అన్నాడు ఒకరోజు. వెళ్ళి చూశాను. నిజంగానే కాళ్ళు కుర్చీ మీదే ఉన్నాయి.

ఇంతలో ఊళ్ళో కార్పొరేషన్ వాళ్ళు ప్లాస్టిక్ మీద పట్టు బిగించారు. కొనేవాళ్ళు కూడా హెడ్డాఫీసుకి ఫోన్లు చేసి తిట్టడం మొదలుపెట్టారు. దాంతో అదే ఆఫీసరు గారు, అదే ఫోన్లో, అదే ఉత్సాహంతో, అనవసరమైన ప్లాస్టిక్ మానెయ్యాలని నాకు ఉపదేశం చేశారు. ఆ ప్లాస్టిక్కంతా నేనే మా ఇంటి నుంచి తెచ్చి చుట్టానేమో అనిపించేలా మాట్లాడారు. వచ్చే ఆదివారం కూరగాయలన్నీ విడిగా పెట్టి అమ్మి చూడాలన్నారు. తానే స్వయంగా వచ్చి చూస్తానన్నారు. నష్టం లేకపోతే ఫిల్మ్ శాశ్వతంగా బందు. నష్టం వస్తే మళ్ళీ చుట్టడమే.

"మంచి మాట సార్," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

"ఫిల్మ్ ఆగితే ప్యాకింగ్ సెక్షన్ కూడా అవసరం ఉండదు. ఆ ముగ్గురినీ తీసేద్దాం," అని ఫోన్ పెట్టేశారు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో నాకు ఆరోజు తెలిసింది. ప్లాస్టిక్ పోవాలని నాకూ ఉంది. అప్ప పోకూడదనీ ఉంది. ఈ రెండూ ఒకే తాటికి కట్టి ఉన్నాయి. ప్యాకింగ్ గదికి వెళ్ళి ఉన్న సంగతి చెప్పాను. మిగతా ఇద్దరూ మొహాలు వేలాడేశారు. అప్ప మాత్రం చేతిలోని వంకాయల ట్రే చుట్టడం పూర్తి చేసి అడిగింది.

"అయితే ఆదోరం నాడు బెండకాయలు పాడైపోతే మా పని ఉంతాది, పాడవకపోతే పోతాది. అంతేనా బాబూ?"

"అంతే అప్పా."

బిల్లింగ్ బావ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. "ఇందులో ఆలోసించడానికి ఏటుంది? అప్పా, మీ పేటోళ్ళందర్నీ ఆదోరం రమ్మను. కొనక్కర్నేదు. ఊరికే పరీచ్చ సెయ్యమను," అన్నాడు.

పద్ధతిగా అయితే నేను వాళ్ళని మందలించాలి. నాకేమీ వినబడలేదని చెప్పి బయటికి వచ్చి, ఆదివారానికి బెండకాయలు మామూలుకంటే బాగా ఎక్కువ పంపమని తగరపువలసకి ఫోన్ చేశాను.

పిల్లలూ, ఆఫీసులో కుట్ర చెయ్యాల్సి వస్తే ఒక్క సంగతి గుర్తుంచుకోండి. కుట్రలో ఉన్నవాళ్ళకి ఉన్న దుర్గుణాలే కాదు, సుగుణాలు కూడా ముందే లెక్క చూసుకోవాలి. మేము అది చూసుకోలేదు.

ఆదివారం వచ్చింది. బెండకాయల్ని గుట్టగా పోయించాను. నిగనిగలాడుతూ, ట్రేల్లో కంటే ఎంత బాగున్నాయో! అవి కాసేపట్లో ముక్కలైపోతాయంటే గుండె చివుక్కుమంది. ఆఫీసరు గారు ఆకుపచ్చ టీషర్టు వేసుకుని వచ్చారు. పర్యావరణం కోసం కాబోలు. తానెవరో ఎవరికీ చెప్పొద్దని నాతో అని, ఉల్లిపాయల పక్కన కొనేవాడిలా నిలబడ్డారు. ఆ పూటకి చుట్టే పని లేదు కాబట్టి అప్పనీ మిగతా ఇద్దరినీ కూరగాయల దగ్గరే నిలబెట్టాను.

కాసేపటికి పేట దిగింది. ఆటోల నిండా వచ్చారు. పెళ్ళికి వచ్చినట్టు ముస్తాబై, అప్ప వదినగారు ముందు నడవగా, నేరుగా బెండకాయల మీద పడ్డారు. టక్, టక్, టక్. చిన్న టపాసులు పేలుతున్నట్టు చప్పుడు. వదినగారైతే తుంచడం, భుజం మీంచి వెనక్కి విసరడం, మళ్ళీ తుంచడం. బావ కౌంటర్ దగ్గర నుంచి నాకు కన్ను గీటాడు. మా పథకం దివ్యంగా నడుస్తోంది.

నేను అప్ప వైపు చూశాను. ఆవిడ మొహం అదోలా ఉంది. చీర కొంగు పిడికిట్లో నలుపుతోంది. ఒకసారి కళ్ళు మూసుకుంది. మళ్ళీ టక్కుమంది. మళ్ళీ తెరిచింది. వదినగారు ఒకేసారి గుప్పెడు తీసి వరసగా విరవబోయేసరికి, పెద్ద దెబ్బ వినబడింది. అప్ప ఆవిడ చేతి మీద చరిచింది.

"వొదినా! సేత్తీ! కొన్నావా, పట్టావా? ఎవలి సరుకనుకున్నావు?"

వదినగారు బిత్తరపోయింది. "అదేటే, నువ్వే కదే రమ్మన్నా..."

"నోర్ముయ్! సేపల గంప కాడ ఎవలన్నా సేప మీద సెయ్యేత్తే ఊరుకుంతావా నువ్వు? మొప్ప నువ్వు ఎత్తి సూపిత్తావా, ఆలని ఎత్తుకోమంతావా?"

వదినగారు కూడా చేపలు అమ్మిన మనిషే. "నానే ఎత్తి సూపిత్తాను," అని ఒప్పుకుంది పాపం.

"మరి? అవతలికి జరుగు. అందరూ సేతులు ఎనక్కెట్టుకోండి. నాను సూపిత్తాను."

అంతే, అప్ప గుట్ట వెనక్కి వెళ్ళి నిలబడింది. ఒక బెండకాయ తీసి, అందరికీ కనబడేలా పైకెత్తి, టక్కున విరిచింది. "ఇన్నారా? లేత. అన్నీ ఒక్క సేనుయే. నీకెంత కావాలమ్మా? కిలోనా? అరకిలోకి ఎంతమంది తింతారు, కిలో తీసుకో!" అంటూ కాగితం సంచుల్లోకి తోయడం మొదలుపెట్టింది. మిగతా ఇద్దరూ పరుగెత్తుకొచ్చి ఒకరు వంకాయల దగ్గర, ఒకరు ఆనపకాయల దగ్గర నిలబడ్డారు. స్టీల్ ప్లాంటు పెద్దాయన గోరు చాచేలోపు ఆ అమ్మాయే గిచ్చి చూపించి, తట్టి, ఆయన చెవి దగ్గర పెట్టింది. ఆయన తృప్తిగా తలాడించి కొనుక్కున్నారు. తుంచడానికొచ్చిన పేటవాళ్ళు కూడా కొనేస్తున్నారు.

బావ నా పక్కకి వచ్చి గుసగుసలాడాడు. "బావా, మునిగిపోనాం. అప్ప యాపారం సేసేత్తంది!"

నిజమే. ఆవిడ ఉద్యోగాన్ని ఆవిడే కిలోల లెక్కన అమ్మేస్తోంది. అది ఆవిడకి తెలియక కాదు. ఒకసారి నా వైపు చూసి, నేనేం చెయ్యను అన్నట్టు తల అడ్డంగా ఊపింది. సరుకు కళ్ళ ముందు పాడవుతుంటే చూస్తూ నిలబడటం ఆ మనిషి వల్ల కాలేదు. సరిగ్గా అప్పుడే ఆఫీసరు గారు ఉత్సాహం పట్టలేక వచ్చి ఒక బెండకాయ అందుకుని కొస మీద బొటనవేలు వేశారు. ఆ చేతి మీద కూడా దెబ్బ పడింది.

"పచ్చ సొక్కా బాబూ, ఇప్పుడే కదా సెప్పినాను!"

ఆయన గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నారు. నేను టమాటాల వైపు తిరిగి దగ్గు వచ్చినట్టు నటించాను.

కాసేపటికి ఆయన నన్నూ, బావనీ, ఆ ముగ్గురినీ గోడౌన్లోకి పిలిచారు. మొహం వెలిగిపోతోంది. తానెవరో అప్పుడు చెప్పారు. అప్ప నాలుక కరుచుకుంది.

"చాలా బాగా జరిగింది. మొదట్లో విరిగిన ఆ నాలుగూ పోతే, విడిగా పెట్టినా నష్టం లేదని తేలిపోయింది. రేపటి నుంచి ఫిల్మ్ బంద్," అని, కొంచెం గొంతు తగ్గించి, "ప్యాకింగ్ సెక్షన్ కూడా," అన్నారు.

అప్ప చేతులు కొంగుకి తుడుచుకుని, "అలాగేనండి బాబూ," అంది. వాదించకుండా ఆవిడ తలొగ్గడం నేను అదే మొదటిసారి చూడటం. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇక జీతం గుర్తు రాలేదు.

"సార్, నష్టం లేకపోవడానికి కారణం విడిగా పెట్టడం కాదు. వీళ్ళు అక్కడ నిలబడటం," అన్నాను.

"జనానికి అదే అలవాటవుతుందండీ. తుంచవద్దని ఒక బోర్డు పెట్టండి."

"పెట్టాం సార్ ఇదివరకు. ఒకాయన ఆ బోర్డుకి గొడుగు తగిలించి, రెండు చేతులతో తుంచాడు."

ఆయన నవ్వి ఇంకేదో అనబోయారు. ఈలోగా బయట నుంచి చప్పుడు వినబడింది. టక్. మళ్ళీ టక్. ఆ తరవాత ఆగకుండా టకటకమని మోత. అప్ప చెవులు నిక్కబొడుచుకున్నాయి.

అందరం బయటికి పరుగెత్తాం. అప్ప కాపలా లేకపోయేసరికి వదినగారు మళ్ళీ గుట్ట మీదకి వచ్చింది. పాపం, ఆవిడ అనుకున్నది వేరు. ఇందాక తిట్టడం ఎవరికో చూపించడానికి వేసిన నాటకమనీ, ఇప్పుడు చాటుకి వెళ్ళి తనకి అవకాశం ఇచ్చారనీ అనుకుంది. చేతి మీద పడ్డ దెబ్బ కసి కూడా కలిసింది. ఆవిడని చూసి మామూలుగా కొనడానికి వచ్చినవాళ్ళూ చేతులు కలిపారు. వాళ్ళనెవరూ ఆటోల్లో తీసుకురాలేదు. స్టీల్ ప్లాంటు పెద్దాయన ఆనపకాయ కొనేశాక కూడా ఇంకోదాన్ని గిచ్చుతున్నారు. నేలంతా బెండకాయ కొసలు. ఆఫీసరు గారి బూటు కింద అవి కరకరలాడాయి.

"ఓలమ్మో, నా బెండకాయలు!" అని అప్ప గుట్ట మీదకి దూకింది. ఉద్యోగం పోయి అప్పటికి అయిదు నిమిషాలు కూడా కాలేదు, అయినా నా బెండకాయలే అంది. వదినగారి చేతిలోవి లాక్కుంది, పెద్దాయన చేతిలోంచి ఆనపకాయ తీసుకుంది, అందరి చేతులూ వెనక్కి పెట్టించింది. మళ్ళీ ఒక్క కాయ పైకెత్తి విరిచింది. జనం బుద్ధిగా వరసలో నిలబడ్డారు.

ఆఫీసరు గారు ఆ వరసనీ, కింద పడ్డ కొసల్నీ మార్చి మార్చి చూశారు. నేను నోరు విప్పలేదు. బావని కూడా విప్పనివ్వలేదు. నోరు మూసుకోవలసిన సమయం తెలియడమే నేను ఉద్యోగంలో నేర్చుకున్న గొప్ప విద్య.

"ముగ్గురూ ఇక్కడే నిలబడతారు. ఫిల్మ్ మాత్రం బంద్," అన్నారు చివరికి. బావ నా వీపు మీద చరిచిన చరుపుకి నాకు నిజంగానే దగ్గొచ్చింది. ఆ సంగతి వినగానే మిగతా ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. అప్ప మాత్రం తూకం ఆపలేదు. కొంగుతో ఒకసారి కళ్ళు తుడుచుకుని, చెమట అంది.

ఆఫీసరు గారికి మనసు తేలికపడినట్టుంది. తాను కూడా వరసలో నిలబడి, చేతులు వెనక్కి పెట్టుకుని, అరకిలో బెండకాయలు అడిగారు. తూచుతుంటే మాట కలిపారు.

"ఇన్నాళ్ళూ ఎంతో చక్కగా చుట్టేవారట కదమ్మా. ఇక చుట్టొద్దంటే బాధగా లేదా?"

"బాదెందుకు బాబూ?" అంది అప్ప, సంచి ఆయన చేతికిస్తూ. "నాను ఇక్కడ సుట్టీదాన్ని. అది ఎలాగెలాగో ఎల్లి సముద్రంలో పడీది. మా ఆయన వలలో సిక్కితే కూకుని ఇప్పీవోడు. సుట్టినందుకు నాకు మీరు జీతం ఇచ్చినారు. ఇప్పినందుకు మా ఆయనకి ఎవలిత్తారు?"